పూటకూటి ఇంటికి మార్కులు

ధవళేశ్వరం బరాజు వద్ద గోదావరి నీటిమట్టాన్ని చూపే కొలబద్ద ఉన్నది. వరద రోజులలో ఈ సీమ ప్రజలందరి చూపు దాని మీదనే. నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. చదివేవాడు ఇంజనీరైనా పడవ సరంగైనా అంకె ఒక్కటే. 1986 ఆగస్టు నాటి మహావరదను చూచిన పెద్దలు నేటికీ ఆ కథను అంకెలతోనే మొదలుపెడతారు. అదే గట్టుకు దాపున ఇడ్లీలు వేసే పాక ఒకటి, చేపలు వేయించే రేకుల షెడ్డు ఒకటి ఉన్నవి. వాటి మంచిచెడ్డలను చెప్పే కొలబద్ద ఎక్కడ ఉన్నది?

గత శ్రావణంలో మా తెలుగు శాఖ విద్యార్థులు ఈ ప్రశ్ననే మా ముందుంచినారు. వారి ఫోనులలో ప్రతి హోటలు పేరు పక్కన చుక్కల వరుస కనిపిస్తున్నది. ఒకదానికి నాలుగున్నర, ఇంకొకదానికి మూడు, మరొకదానికి ఒకటి. "ఇందులో దేన్ని నమ్మాలి సార్?" అని వారి సందేహం. తరగతి గదిలో కూర్చొని తీర్చదగిన సందేహం కాదని తోచి, ఒక ఆదివారం, మరుసటి వారం ఒక గురువారం, ఐదుగురు విద్యార్థులతో కలిసి ధవళేశ్వరం వెళ్ళి నాలుగు చోట్ల కూర్చొని తిని వచ్చినాము. ఆ అనుభవాన్ని, దానికి ముందు వెనుకల మేము చదివిన నాలుగు సంగతులను కలిపి ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

భోజనశాలను మెచ్చుకోవడం, తూలనాడడం పడమటి దేశాల నుండి దిగుమతి అయిన విద్య అని కొందరి అభిప్రాయం. అది నిజం కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఇందుకు సాక్ష్యం. అది శ్రీనాథుని రచనయే అనే వాదం కూడా ఉన్నది. ఆ వివాదంతో మనకిక్కడ పని లేదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులలో పగలంతా తిరిగి, వింతలన్నీ చూచి, ఆకలి వేళకు పూటకూటి ఇంటి ప్రసక్తికి వస్తారు. అక్కడి పద్యం ఒకటి చిత్రమైనది. మేలురకపు బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. ఇన్నిటినీ చెప్పి, ఇవి ఎవరి ఇంట దొరకునో ఆ ఇంటివారి పేరు చెప్పి, చివరకు వెల కూడా చెప్పినాడు కవి. వెల ఒక రూక.

ఆ పద్యాన్ని తరగతిలో అలంకారాల కోసం చదివించడం పరిపాటి. ఈసారి మేము మరొక దృష్టితో చదివించినాము. అందులో చుక్కలు లేవు, మార్కులు లేవు. అయినా వినేవానికి కావలసిన సమాచారమంతా ఉన్నది. ఎక్కడ, ఏమేమి, ఎంతకు? నేయి అప్పుడే కాచినది అన్న ఒక్క ముక్క చాలు, చెప్పినవాడు ఆ నేతిని చవి చూచినాడని నమ్మడానికి. పెరుగు గడ్డకట్టి ఉన్నదన్నాడే గాని పెరుగు అద్భుతం అనలేదు. నేడు ఫోనులలో కనిపించే "సూపర్", "వేస్ట్" అనే ఏకపద విమర్శలకూ దీనికీ గల అంతరాన్ని విద్యార్థులు తామే పట్టుకొన్నారు.

శ్రీనాథుడు మన రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల కొలువులో ఉండి కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితమిచ్చినవాడు. సన్నబియ్యపు అన్నానికి అలవాటుపడిన ఆ నాలుక పలనాటికి పోయి జొన్నకూటిని ఎట్లా ఈసడించినదో ఆయన పేర ప్రచారంలో ఉన్న చాటువులు చెబుతవి. చమత్కారం మాట అటుంచి, విమర్శగా చూస్తే అది అన్యాయమే. జొన్న పండే నేలకు పోయి వరి కోసం వెదకిన దోషం వండినవారిది కాదు. ధవళేశ్వరం వచ్చి దక్కనీ రొట్టె మెత్తగా లేదని అలిగేవారికి ఇది వర్తిస్తుంది.

పూటకూటి ఇల్లు తరువాత కూడా శతాబ్దాల పాటు మన ఊళ్ళలో బ్రతికి ఉన్నది. గురజాడ కన్యాశుల్కంలోని పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగువాడు లేడు. ఆమెను చూచి నవ్వుకొంటాము గాని, భర్త లేని స్త్రీకి ఆ కాలంలో మిగిలిన ఉపాధి అదొక్కటే అన్న సంగతి మరచిపోతాము. కోనసీమలో లంకల గన్నవరం వాస్తవ్యురాలు డొక్కా సీతమ్మ గారు (1841-1909) వెల అన్నది లేకుండానే వేళ కాని వేళ వచ్చినవారికి సహితం అన్నం పెట్టి కీర్తి గడించినారు. వెల లేని అన్నానికి విమర్శకుడు లేడు. రూక ఇచ్చినప్పుడే తిన్నవానికి నోరు వస్తుంది; ఆ నోటిని ఎట్లా వాడవలెనన్నదే ఇప్పటి ప్రశ్న.

చుక్కల పద్ధతి మాత్రం ఫ్రాన్సు దేశానిది. మిషెలిన్ అన్నదమ్ములు మోటారు చక్రాల టైర్లు చేసి అమ్మేవారు. జనం కార్లలో ఎంత దూరం తిరిగితే టైర్లు అంత అరుగుతవి, అంత అమ్ముడవుతవి. అందుచేత 1900 సంవత్సరంలో ప్రయాణికులకు ఒక చిన్న పుస్తకం అచ్చువేసి ఉచితంగా పంచినారు. 1926లో మంచి భోజనశాలల పేర్ల పక్కన ఒక చుక్క పెట్టడం ఆరంభించినారు. 1931లో రెండు, మూడు చుక్కల తరగతులు వచ్చినవి. వ్యాపారంలో పుట్టినా ఆ పద్ధతిలో ఒక నియమం మెచ్చదగినది. పరీక్షకు వెళ్ళినవాడు తానెవరో చెప్పడు, తన బిల్లు తానే చెల్లిస్తాడు. మన దేశంలో 2008లో ఫుడీబే అనే పేరుతో మొదలై, 2010లో జొమాటోగా మారిన సంస్థ మొదట హోటళ్ళ ధరల పట్టికలను సేకరించి చూపేది. క్రమంగా తిన్న ప్రతివాడూ పరీక్షకుడే అయినాడు. కొద్దిమంది చేతిలోని అధికారం అందరికీ వచ్చినది. మంచిదే. కాని అందరూ వేసిన మార్కులను ఒక్క అంకెగా కుదించేటప్పుడు జరిగే మోసం ఒకటి ఉన్నది. గణితశాఖలోని మిత్రుల సహాయంతో దానిని విద్యార్థులకు ఇట్లా వివరించినాము.

ఒక హోటలుకు నలుగురే మార్కులు వేసినారు, నలుగురూ ఐదేసి వేసినారు. సగటు 5. ఆ నలుగురూ యజమాని బావమరదులు కావచ్చును. రెండవ హోటలుకు 400 మంది వేసినారు, సగటు 4.3. అంకెను మాత్రమే చూచేవాడు మొదటి హోటలుకు పరుగెత్తుతాడు. ఈ పొరపాటును తగ్గించడానికి ఒక ఉపాయం ఉన్నది. ఊరిలోని హోటళ్ళ సామాన్య సగటు 3.5 అనుకొందాము. ప్రతి హోటలుకూ ఆ సగటు మార్కు వేసిన పదిమందిని మనమే ఊహించి చేర్చవలె. అప్పుడు మొదటి హోటలు లెక్క 20కి 35 కలిపితే 55. దానిని 14 మందికి పంచితే 3.93. రెండవది 1720కి 35 కలిపితే 1755. 410 మందికి పంచితే 4.28. తారుమారైనది గదా! నలుగురి మాట తప్పని కాదు, నలుగురి మాట మీద అంత బరువు మోపరాదని దీని అర్థం. అట్లే సగం మంది 5, సగం మంది 1 వేసిన హోటలు సగటూ, అందరూ 3 వేసిన హోటలు సగటూ ఒక్కటే అవుతుంది. కాని మొదటిదానిలో ఏదో తగవు ఉన్నది. పొద్దుట బాగుండి సాయంత్రం పాడవుతున్నదేమో, ఒకరికి ఒక తీరుగా, మరొకరికి మరొక తీరుగా వడ్డిస్తున్నారేమో! ఆ రహస్యం సగటులో మునిగిపోతుంది.

మా విద్యార్థులలో ఉర్దూ చదివేవారి కోసం మరొక సంగతి. అరబ్బు నగరాలలో పూర్వం ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. బజారులోని తూనికలను, కొలతలను, వంటశాలలను తనిఖీ చేయడం ఆయన విధి. పన్నెండవ శతాబ్దంలో అష్షైజరీ అనే ఆయన ఈ అధికారికి మార్గదర్శకంగా ఒక గ్రంథమే రచించినాడు. అందులో రొట్టెలు కాల్చేవారికి, చేపలు వేయించేవారికి, హరీసా వండేవారికి వేరువేరు ప్రకరణాలు ఉన్నవి. గోధుమలు, మాంసం కలిపి రాత్రంతా ఉడికించే హరీసా, మన హైదరాబాదు హలీముకు పూర్వరూపం. ఆ పాత్రలకు రాత్రి తన ముద్ర వేసి, తెల్లవారుజామున తన ఎదుటనే ఆ ముద్రను విప్పించవలెనని ముహ్తసిబుకు చెప్పిన జాగ్రత్త. ఎందుకు? ముద్ర లేకపోతే వంటవాడు మాంసాన్ని తీసి మరునాటికి దాచుకొంటాడట! తిన్నవాని నాలుకకు తెలియని మోసం కూడా ఉంటుందని, దానికి నాలుక కాక వేరొక కన్ను కావలెనని ఎనిమిది వందల ఏండ్ల క్రిందటనే గుర్తించినారు. మన దేశంలో ఆ కన్ను 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. హోటలు గోడ మీద వ్రేలాడే లైసెన్సు పత్రంపై పద్నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. మా విద్యార్థులలో ఒక్కరు కూడా అంతకుముందు దానిని చూచి ఎరుగరు. సామ్రాణి పొగ పట్టిన దేవుని పటాల పక్కన అదీ ఒక పటం అనుకొన్నారట.

ఇక ప్రయాణం. మేము ముందుగా కొన్ని నియమాలు పెట్టుకొన్నాము. ఎవరమో చెప్పరాదు. మా బిల్లు మేమే చెల్లించవలె. ప్రతి చోటికీ రెండు సార్లు, వేరువేరు వేళలలో వెళ్ళవలె. అక్కడ కూర్చొని ఫోనులో ఏమీ వ్రాయరాదు. ఈ చివరి నియమాన్ని ఒకడు తప్పినాడు. ఆ కథ తరువాత.

మొదటిది ఇడ్లీ పాక. సాధారణంగా ఇడ్లీని మెత్తదనంతో కొలుస్తారు. మేము వాయితో కొలిచినాము. ఉదయం ఆరున్నరకు దించిన వాయి ఎవరిదైనా బాగుంటుంది. తొమ్మిదిన్నరకు చివరి వాయి ఎట్లా ఉన్నదన్నది పరీక్ష. ఇడ్లీ పిండి పొంగడానికి కారణం అందులో సహజంగా పెరిగే సూక్ష్మజీవులు. వేసవిలో త్వరగా పులుస్తుంది, వానపట్టిన రోజులలో ఆలస్యమవుతుంది. కనుక ఒక్క ఉదయం తిన్న ఇడ్లీతో ఒక పాక భవితవ్యాన్ని నిర్ణయించడం అన్యాయం. ఆదివారం ఇక్కడ ఇడ్లీ కొంచెం బిరుసుగా ఉన్నది; గురువారం దూదివలె ఉన్నది. అల్లం పచ్చడి రెండు రోజులూ ఒక్క తీరునే ఉన్నది. పచ్చడి మనిషి చేతిలో ఉన్నది, పులుపు వాతావరణం చేతిలో ఉన్నది. పచ్చడి మార్కు ఎక్కువ బరువుగలదని అందరమూ ఒప్పుకొన్నాము. అంబాజీపేటలో పనసాకు బుట్టలలో ఉడికించే పొట్టిక్కలతో దీనిని పోల్చబోయిన కోనసీమ విద్యార్థినికి శ్రీనాథుని జొన్నకూటిని జ్ఞాపకం చేయవలసి వచ్చినది.

రెండవది బరాజు దాపున ఉన్న చేపల షెడ్డు. ఇది గోదావరి గట్టు కనుక పులస ప్రస్తావన లేకుండా వ్యాసం ముందుకు సాగదు. సముద్రంలో విలస అని, ఇలస అని పిలిచే చేప, వరదనీరు ఎర్రబారి సముద్రంలో కలిసే రోజులలో గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. తీపినీటిలో ఈదుతూ వచ్చిన తరువాతనే అది పులస. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేయించిన ఆనకట్ట డెల్టాను సస్యశ్యామలం చేసినది, ఈ చేప దారికి మాత్రం అడ్డుగోడ అయినది. నేడు దాని స్థానంలో నిలిచిన బరాజుకు 175 గేట్లు ఉన్నవి. పుస్తెలమ్ముకొనైనా పులస తినవలెనన్న సామెత ఈ సీమలో చంటిబిడ్డకు కూడా తెలుసు. దొరికేవి కొద్ది, అడిగేవారు వేలు. అందుచేత ఒక్కొక్క చేప వేల రూపాయలు పలుకుతున్నది. అటువంటప్పుడు ఏడాది పొడుగునా "పులస పులుసు కలదు" అనే పలక వ్రేలాడితే ఏమనుకోవలె? సముద్రంలో పట్టిన ఇలసలు, ఇతర రాష్ట్రాల నుండి మంచుపెట్టెలలో వచ్చిన ఇలసలు పులస పేరుతో చెలామణి కావడం అందరూ ఎరిగినదే. కూరలో ముక్కను చూచి ఇది ఏ నీటి చేపయో చెప్పగలమని గొప్పలు పోయేవారు చాలమంది. మాకు ఆ ధైర్యం లేదు. మేము వెళ్ళిన షెడ్డులో అటువంటి పలక లేదు. "పులసుందా?" అని ఒక విద్యార్థి అడిగితే, "ఇయ్యాల దిగలేదండీ బాబూ. దిగితే నా కాడికెందుకొత్తాదండీ, పెద్దోళ్ళ కార్లలోకి ఎల్లిపోద్ది గానీ" అన్నది వేయించే ఆమె. లేనిదాన్ని లేదని చెప్పినందుకు పూర్తి మార్కు ఒకటి వేసినాము. ఆ మార్కుకు మా పట్టికలో గడి లేదు, అప్పటికప్పుడు గీసుకొన్నాము.

నూనె విషయంలో మాత్రం ఆమెకు మార్కు తగ్గించక తప్పలేదు. వాడిన నూనెను మళ్ళీ మళ్ళీ కాస్తే అది విరిగి కొన్ని చెడు పదార్థాలు ఏర్పడుతవి. అవి నూటికి 25 పాళ్ళు మించరాదని 2018 నుండి నిబంధన అమలులో ఉన్నది. దానిని తేల్చే సాధనం మా దగ్గర లేకపోయినా, నూనె నల్లబడడం, చిక్కబడడం, మూకుడులో నురుగు అణగకుండా నిలవడం, తక్కువ మంటకే పొగ రావడం ఎవరికైనా కనిపించే గుర్తులు. ఆదివారం సాయంత్రం ఆ మూకుడులో నురుగు నిలిచి ఉన్నది. గురువారం ఉదయం నూనె తేటగా ఉన్నది. రెండింటినీ రెండు వరుసలలో వ్రాసినాము, కలిపి సగటు తీయలేదు. సాయంత్రం తినేవానికి ఉదయపు నూనెతో ఏమి పని?

మూడవది మసీదు వీధిలోని బిర్యానీ హోటలు. ఇక్కడ చిన్న చిక్కు వచ్చినది. మాలో ముగ్గురు ముస్లిములు. మన వారి హోటలు కదా అని ఒక మార్కు ఎక్కువ వేయాలని ఇద్దరికి, మన వారిది కనుక గట్టిగా తగ్గించాలని ఒకరికి తోచినది. రెండూ పక్షపాతాలే. శాకాహారి అయిన విద్యార్థి ఒకడు చాయ్ మాత్రమే తాగి, తినడానికి ఏమీ లేక, చుట్టూ చూస్తూ కూర్చున్నాడు. మేము మాంసం ఉడికినదా, అన్నం పొడిపొడిగా ఉన్నదా అని వాదించుకొంటుండగా అతడు వ్రాసుకొన్నది ఇది: నీళ్ళ డ్రమ్ముకు మూత ఉన్నది, ముంచే చెంబుకు కాడ లేదు, వడ్డించేవాడే గల్లాపెట్టెలో చిల్లర తీస్తున్నాడు, చేతులు కడిగే చోట సబ్బు ఉన్నది, బల్లలు తుడిచే గుడ్డ ఒక్కటే. ఆకలి తీరినవాడు చూడని సంగతులన్నీ తిననివాడు చూచినాడు. మా పట్టికలో అందరికంటె ఎక్కువ గడులు నింపినవాడు అతడే.

నాలుగవది నీటిపారుదల శాఖ కార్యాలయాల సమీపంలోని ఒక మెస్సు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు నడుపుతున్నారు. మధ్యాహ్నం ప్లేటు భోజనం, ఫుల్ భోజనం, ఇండ్లకు పంపే క్యారేజీలు. ఆదివారం మూసి ఉంటుంది గనుక నియమానికి మినహాయింపుగా ఇక్కడి మొదటి దర్శనం అంతకు ముందు బుధవారమే, ఒక విద్యార్థి ఒంటరిగా చేసి వచ్చినాడు. ఆనాడు పప్పు చల్లారి ఉన్నదట, చారు పులిసినదట. కూర్చున్న బల్ల మీదనే ఫోను తీసి ఒక్క చుక్క పెట్టినాడు. మాట ఏమీ వ్రాయలేదు. ఆ మెస్సుకు అంతవరకు ఉన్నవి మూడే మార్కులు. నాలుగవది ఒకటి కావడంతో సగటు ఒక్కసారిగా క్రిందికి జారినది. మేము పైన చెప్పిన లెక్క అతనికి అప్పటికి తెలియదు.

గురువారం మేమందరం కలిసి వెళ్ళినప్పుడు దోసకాయ పప్పు వేడిగా ఉన్నది, మజ్జిగపులుసు కమ్మగా ఉన్నది. పెద్దామె వడ్డిస్తూ, మా వాలకం చూచి కాబోలు, తానే మాట కలిపినది. "ఏ కాలేజీ మాస్టారండీ తమరు? మా అక్క మనవడు ఫోనులో చూసి చెప్పాడండీ, ఎవరో ఒక్క చుక్కెట్టారంట. ఏటి బాగోలేదో ఓ ముక్క రాసుంటే సరిచేసుకుందుము కదండీ. నిన్న కాక మొన్న కొత్త ఉద్యోగస్తులు ఇద్దరు క్యారేజీ అడిగి, ఆ ఫోను చూసుకుని మానేశారండీ." మేము ఏమీ పలకలేదు. మా విద్యార్థి తల వంచుకొన్నాడు. కొంతసేపటికి అతడే లేచి, "అది నేనేనండీ, గత బుధవారం" అన్నాడు. ఆమె ఒక్క క్షణం లెక్క వేసుకొని, "ఆయ్, ఆ వేళ మధ్యలో గ్యాసు అయిపోయిందండీ. పప్పు దింపేసి, బండ వచ్చే దాకా ఆగాం. అయినా చల్లారింది చల్లారిందే కదా బాబూ, మీ తప్పేం లేదు" అన్నది. కోపం లేదు, జాలి కోరడమూ లేదు. అతడు ఆ చుక్కను తీసివేస్తానన్నాడు. తీసివేయవద్దని మేమే చెప్పినాము. తేదీ వేసి, ఏమి తిన్నాడో, ఏది చల్లారి ఉన్నదో వ్రాసి, దాని క్రింద రెండవ రోజు తిన్నది కూడా వ్రాయమన్నాము. వ్రాసినాడు. క్యారేజీ మానిన ఇద్దరూ తిరిగి వచ్చినారో లేదో మాకు తెలియదు. రెండు క్యారేజీలంటే ఆ ఇంటికి నెలకు ఎంతో ఆమె చెప్పలేదు, మేము అడుగలేదు.

ఇంతవరకు రుచి, శుభ్రత, నిజాయితీ. వీటన్నిటికంటె ముందు రావలసిన గడి ఒకటి మా పట్టికలో మొదట లేదు. దానిని చేర్చడానికి కారణం చెప్పవలె. మేము విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో ఒక మిత్రునితో కలిసి వారి ప్రాంతానికి పోతూ దారిలో ఒక టీ బడ్డీ వద్ద ఆగినాము. ఊరి పేరు అనవసరం. మాకు గాజుగ్లాసులో టీ వచ్చినది. అతనిని ఎరిగిన యజమాని అతనికి మాత్రం ప్లాస్టిక్ కప్పులో పోసినాడు. కులం అడుగలేదు, అడుగవలసిన పని లేదు. మా మిత్రుడు తాగి, కప్పు నలిపి, డబ్బులు ఇద్దరివీ తానే ఇచ్చినాడు. టీ చాలా బాగున్నది. ఆ టీకి ఎన్ని మార్కులు?

పూర్వం రైల్వేస్టేషన్లలో హిందూ నీళ్ళు, ముస్లిం నీళ్ళు వేరువేరుగా అమ్మేవారు. హోటళ్ళ బోర్డుల మీద కులం పేరు పెద్ద అక్షరాలతో ఉండేది. 1957లో మద్రాసులో అటువంటి ఒక బోర్డు మీది "బ్రాహ్మణ" శబ్దాన్ని తీసివేయించడానికి పెరియార్ ఉద్యమమే నడిపినాడు. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం పదిహేనవ అధికరణంలో దుకాణాలను, భోజనశాలలను, హోటళ్ళను పేరు పెట్టి చెప్పి, మతం, కులం, పుట్టుక కారణంగా ఎవరికీ అక్కడ ప్రవేశం నిరాకరించరాదన్నది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టంలో భోజనశాలలోని పాత్రల మాట కూడా విడిగా ఉన్నది. పౌరహక్కుల రక్షణ చట్టం అని దానికి పేరు మారినది తరువాత. చట్టం చేసినవారికి గ్లాసు సంగతి తెలుసు. చుక్కలు పెట్టేవారికే తెలియదు, ఏ ఫోనులోను "అందరికీ ఒకే గ్లాసు ఉన్నదా?" అనే ప్రశ్న మాకు కనిపించలేదు.

అందుచేత నాలుగు చోట్లా మళ్ళీ జ్ఞాపకం తెచ్చుకొని ఆ గడి నింపినాము. ఇడ్లీ పాకలో అందరికీ స్టీలు ప్లేట్లు, ఒకే తొట్టిలో కడుగుతున్నారు. చేపల షెడ్డులో అందరికీ కాగితపు ప్లేట్లు. బిర్యానీ హోటలులో మేస్త్రీ, గుమస్తా, ఆటోవాడు ఒకే బల్లకు కూర్చొని ఉన్నారు. ఆడవారికి మాత్రం తెర వెనుక రెండు బల్లలు ఉన్నవి, అక్కడ ఫంకా లేదు. ఇది మా విద్యార్థిని చెప్పేవరకు మిగిలినవారికి తట్టలేదు. ఆ హోటలుకు మార్కు తగ్గినది. మెస్సులో పారిశుద్ధ్య కార్మికులిద్దరు మా పక్క వరుసలోనే కూర్చొని మజ్జిగపులుసు మారు వడ్డించుకొన్నారు.

పట్టికను మా శాఖ నోటీసు బోర్డుకు అంటించినాము. మొత్తం మార్కుల గడి అందులో లేదు. కొందరు అధ్యాపక మిత్రులు వచ్చి, "ఇంతకీ ఏది మొదటిది?" అని అడుగుతున్నారు. ఏ వేళకు వెళ్తారు, ఏమి తింటారు, ఎవరితో వెళ్తారు అని మేము తిరిగి అడుగుతున్నాము. తలపై భాగాన తేదీ వేసి ఉన్నది. సంక్రాంతి సెలవుల తరువాత దానిని చింపివేసి మళ్ళీ వెళ్ళవలెనని నిశ్చయించినాము. పులస అని వ్రాసిన వరుసలో మాత్రం అన్ని గడులూ ఖాళీగానే ఉన్నవి. ఎవరైనా మిత్రులు ఆ బిల్లు భరించదలిస్తే, వచ్చే శ్రావణంలో వరదనీరు ఎర్రబారిన తరువాత మాకు కబురు చేయవచ్చును.